మెడనొప్పి రద్దు

"అధికారుల మెడలు వంచి అయినా సరే, ఏడాది తిరిగేలోగా మోటారు సైకిలు నడిపేవాళ్ళ మెడలు నిలబెడతాం" అని రవాణా మంత్రిగారు ప్రకటించారు. ఇంతటి మాట అంతకుముందు ఏ మంత్రి నోటా రాలేదు. సభ మారుమోగిపోయింది. చివరి వరసలో ఉన్న ఫైళ్ళాయన కూడా చప్పట్లు కొట్టబోయి, భుజం పట్టేయడంతో సగంలో ఆగిపోయాడు.

ఆఫీసులో అందరూ ఆయన్ని ఫైళ్ళాయన అనే పిలుస్తారు. పందొమ్మిదేళ్ళుగా ఆఫీసు మోటారు సైకిలు మీద, భుజాన సంచీ తగిలించుకుని, ఇక్కడి ఫైళ్ళు అక్కడికీ అక్కడివి ఇక్కడికీ మోస్తున్నాడు. బండి హ్యాండిలు దూరం, ఆయన చేతులు పొట్టి. హ్యాండిలు అందుకోవడానికి ముందుకు వంగి, రోడ్డు చూడ్డానికి తల పైకెత్తి, సాయంత్రానికి తాబేలులా ఇల్లు చేరేవాడు.

"పక్కింటావిడ పలకరిస్తే మీరు తిరిగి చూడలేదట. పొగరనుకుంటోంది" అంది భార్య.

"నేను తిరిగేలోగా ఆవిడ వెళ్ళిపోయిందే" అన్నాడు ఫైళ్ళాయన.

వీధి చివర మెకానిక్ బండిని ఒక్కసారి చూశాడు. "హ్యాండిలు రెండంగుళాలు పైకి లేపి, కాస్త వెనక్కి తిప్పితే సరి. ఆ సంచీ భుజాన వద్దు, వెనక సీటుకి కట్టుకో. పది నిమిషాల పని బాబాయ్."

"అది ప్రభుత్వ హ్యాండిలు నాయనా. అర్జీ పెట్టాలి."

పెట్టాడు. సూపరింటెండెంటు గారు శాంతంగా నచ్చజెప్పారు. "బండి ఎత్తు రిజిస్టర్లో ఉంది. నువ్వు లేపితే రిజిస్టరు అబద్ధమవుతుంది. నీ ఎత్తు ఏ రిజిస్టర్లోనూ లేదు. కాబట్టి సర్దుకోవాల్సింది నువ్వే."

మంత్రిగారి ప్రకటనతో ఆ అర్జీకి రెక్కలొచ్చాయి. పదకొండు మందితో కమిటీ వేశారు. వాళ్ళలో ఒక్కరికీ మోటారు సైకిలు నడపడం రాదు. పక్షపాతం ఉండకూడదని మంత్రిగారే ఏరి కోరి అలా వేశారు. కమిటీ ప్రతి ఆఫీసునూ అభిప్రాయం అడిగింది. అభిప్రాయాలు బస్తాలకొద్దీ వచ్చాయి. ఫైళ్ళాయన భుజం మీదే వచ్చాయి. మొదటి నెల నాలుగు కిలోలు, మూడో నెల పదకొండు.

చివరికి సాక్ష్యానికి ఆయన్నే పిలిచారు.

"నొప్పి ఎన్నాళ్ళుగా?" అన్నారు చైర్మన్.

"పందొమ్మిదేళ్ళుగా ఉందండి. మీ కమిటీ వేశాక బాగా ఎక్కువైంది."

చైర్మన్ మొహం వెలిగింది. "కమిటీ ప్రభావం క్షేత్రస్థాయిలో కనిపిస్తోంది. రాసుకోండి."

"హ్యాండిలు రెండంగుళాలు లేపితే చాలటండి" అన్నాడు ఫైళ్ళాయన, ధైర్యం చేసి.

"హ్యాండిలు లేపాలా, సీటు దించాలా అన్నది విధానపరమైన ప్రశ్న" అన్నారొక సభ్యుడు. దానికో ఉపకమిటీ పడింది. మర్నాటి నుంచి సంచీలు రెండయ్యాయి.

ఏడాది నిండింది. మంత్రిగారు మాట తప్పే మనిషి కారు. సరిగ్గా గడువు నాడు వేదికెక్కి, మెడనొప్పిని రద్దు చేసినట్టు ప్రకటించారు. ఆ సాయంత్రమే గుర్తింపు పొందిన జబ్బుల జాబితాలోంచి దాన్ని కొట్టేశారు.

మర్నాడు పొద్దున ఫైళ్ళాయన తల ఎటూ కదల్లేదు. భార్య ఆటోలో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళింది.

"ఏమిటి బాధ?" అన్నారు డాక్టరు గారు, చీటీ మీంచి కళ్ళు తీయకుండా.

"మెడనొప్పండి."

"అది నిన్నటితో రద్దయింది. పేపరు చూళ్ళేదా?"

"పై సగంలో వేశారటండి. తల లేవక కింది సగమే చదివాను."

డాక్టరు గారిది మంచి మనసు. "సరిగ్గా ఎక్కడ?" అని అడిగారు.

"చెవి కిందనుంచి భుజం దాకా అండి."

ఆయన జాబితా మొత్తం వేలు పెట్టి వెతికి, 'పంటినొప్పి' అని రాశారు. "మూడు రోజులు సెలవు. గట్టివేమీ నమలొద్దు."

ఫైళ్ళాయన చీటీ కళ్ళకద్దుకున్నాడు. అప్పుడు కనబడింది, డాక్టరు గారి గడ్డం కిందనుంచి భుజాల దాకా బిగించి ఉన్న మందపాటి తెల్లటి పట్టీ.

"మరి తమరికి అదేమిటండీ?"

డాక్టరు గారు తలుపు వేసి రమ్మని నర్సుకి సైగ చేశారు. తలుపు పడ్డాక, గొంతు తగ్గించి చెప్పారు.

"మఫ్లరు."