గొడుగులాయన పెట్టించిన బోర్డు

ఆ ఉదయం గొడుగులాయన మంచం దిగేసరికే బుర్రలో పథకం సిద్ధంగా ఉంది. అతని కొట్టులో గొడుగులు కుట్టే ఏడుగురూ ముందురోజు కూడబలుక్కుని వచ్చి జీతం పెంచమన్నారు. అద్దెలు మండిపోతున్నాయన్నారు. నిజమే. కానీ పనివాళ్ళకిచ్చే జీతాల మీద యజమాని కట్టే పన్ను కూడా ఆ నెలే పెరిగింది. జీతం పెంచితే దాని వెనకాలే తోకలా పన్నూ పెరుగుతుంది. కుదరదని చెబుదామా అంటే, శనివారంలోగా ఒక బడికి మూడు వందల గొడుగులు అందించాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"బయట పని కోసం ఎంతమంది కాచుక్కూర్చున్నారో వీళ్ళకి కళ్ళారా చూపిస్తానే," అన్నాడు భార్యతో. "పనివాళ్ళు కావాలని బోర్డు పెడతా. జనం బారులు తీరతారు. అది చూసి మనవాళ్ళు నోరుమూసుకుని కుట్టుకుంటారు."

ఆమె గొడుగు పిడులకు రింగులు తొడుగుతోంది. పెళ్ళయిన పదకొండేళ్ళుగా ఆ పని ఆమెదే, జీతం ఊసు లేకుండా. "దారిన పోయే శనిని పిలిచి నట్టింట్లో కూర్చోబెట్టకండి," అంది తలెత్తకుండానే.

అతను వింటేగా! తిన్నగా బోర్డులు రాసేవాడి దగ్గరికి వెళ్ళాడు.

"జీతం ఎంతని రాయమంటారు?" అన్నాడు బోర్డులవాడు.

"ఎంతో ఒకటి రాయవయ్యా! జనం ఎగబడాలి, అంతే. ఇచ్చేదా చచ్చేదా!" అనేసి గొడుగులాయన పన్నుల ఆఫీసుకు పరిగెత్తాడు.

ముప్పై ఏళ్ళుగా బోర్డులు రాస్తున్నా ఇంత స్వేచ్ఛ ఎవరూ ఇవ్వలేదతనికి. తనకెంత జీతమైతే బాగుండునని రోజూ కలలు కనేవాడో, ఆ అంకె వేసేశాడు. గొడుగులు కుట్టేవాళ్ళకు వచ్చేదానికి అది సరిగ్గా రెట్టింపు.

గొడుగులాయన తిరిగొచ్చేసరికి క్యూ సందు మలుపు దాటింది. అతని ఛాతీ పొంగింది. బోర్డు వంకైనా చూడకుండా కొట్టులోకి దూసుకెళ్ళి, "రండర్రా, బయటికొచ్చి చూడండి!" అని కేకేశాడు. ఏడు కుట్టుమిషన్లూ నిశ్శబ్దంగా ఉన్నాయి. ఏడు కుర్చీలూ ఖాళీ.

బయటికొచ్చి చూస్తే క్యూలో అందరికన్నా ముందు తన మేస్త్రి, అతని వెనక మిగతా ఆరుగురూ!

"మీరిక్కడ నిలబడ్డారేంటయ్యా?"

"పని కోసం అయ్యగారూ. ఇక్కడ జీతం బాగుందట."

"మీరు చేసేదీ ఇక్కడే కదా!"

"అది పాత పనండీ. అక్కడి యజమాని కాస్త చిరాకు మనిషి," అన్నాడు మేస్త్రి వినయంగా. "ఈయనెలా ఉంటాడో చూడాలి."

అప్పుడు చూశాడు గొడుగులాయన బోర్డుకేసి. అంకెను రెండుసార్లు చదివాడు. ఈలోగా రోడ్డవతల సంచుల కొట్టు నుంచి అతని తోడల్లుడు ఒంటికాలి చెప్పుతో పరిగెత్తుకొచ్చాడు.

"తమ్ముడూ! నా మనుషులంతా నీ క్యూలోనే ఉన్నారు. నా కొంప ముంచుతావా?"

"అన్నయ్యా, అది ఉత్తుత్తి బోర్డే!"

"ఉత్తుత్తి బోర్డుకి నిజం క్యూ వస్తుందా? ఉండు, నీ పని చెబుతా!"

అయిదు నిమిషాల్లో సంచుల కొట్టు ముందు వంద ఎక్కువ జీతంతో అట్టముక్క వేలాడింది. క్యూ మొత్తం క్రమశిక్షణగా వెనక్కి తిరిగి రోడ్డు దాటింది. గొడుగులాయనకు శనివారం గుర్తొచ్చింది. సుద్దముక్క తీసుకుని తన బోర్డు మీద ఇంకో రెండు వందలు కలిపాడు. క్యూ ఇవతలికొచ్చింది. అలా నాలుగుసార్లు దాటేసరికి నడిరోడ్డు మీద బస్సు ఆగిపోయింది. సంగతేమిటో కనుక్కుందామని దిగిన కండక్టరు బోర్డు చదివి, టిక్కెట్ల సంచీ డ్రైవరు మెడలో వేసి క్యూలో చేరాడు. జనాన్ని చెదరగొట్టడానికొచ్చిన పోలీసు, "పని పగలేనా, రాత్రి కూడా ఉంటుందా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

ఆ బస్సులోనే ఇరుక్కున్న కార్మికశాఖ అధికారి చెమటలు కక్కుతూ దిగాడు. రెండు బోర్డులూ చదివాడు.

"ఇంత ఇస్తామని పదిమందికీ కనబడేలా రాశారు. మీకు పనివాళ్ళు ఎంతమంది అవసరమో అంతమందికీ ఇవ్వాల్సిందే. లేదంటే జరిమానా," అంటూ కాగితాలు తీశాడు.

గొడుగులాయన తన ఏడుగురినీ తన కొట్టులోకే కొత్తగా చేర్చుకుని, కళ్ళు మూసుకుని సంతకాలు పెట్టాడు; రోడ్డవతల తోడల్లుడిదీ అదే గతి. కళ్ళు తెరిచేసరికి ఎనిమిదో మనిషి ఎదురుగా ఉంది. అతని భార్యే!

"నువ్వేంటే?"

"పిడులకు రింగులు. పదకొండేళ్ళ అనుభవం," అంది ఆమె, అధికారి వైపే చూస్తూ. "రాసుకోండి సార్."

అధికారి రాసుకున్నాడు. "ఈవిడ జీతం మీద కూడా పన్ను కట్టాలండోయ్," అని గుర్తుచేశాడు.

విచిత్రమేమంటే గొడుగులు శనివారానికి కాదు, గురువారానికే పూర్తయ్యాయి. మేస్త్రి పాటలు పాడుతూ కుట్టాడు. బడివాళ్ళు మురిసిపోయి ఇంకో రెండు వందల గొడుగులు చెప్పారు. అయినా జీతాలూ పన్నూ గుడ్డా ఊచలూ అన్నీ పోగా నెలాఖరుకి గొడుగులాయనకు మిగిలింది భార్య జీతంలో సగం. "చేబదులు కావాలంటే అడగండి," అంది ఆమె జాలిగా.

మర్నాడతను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సంచుల కొట్టుకు బయల్దేరాడు. నడిరోడ్డు మీద తోడల్లుడు ఎదురయ్యాడు, అతనూ ఇస్త్రీ చొక్కాలోనే.

"ఎక్కడికి అన్నయ్యా?"

"మీ కొట్టుకే. ఏదైనా పని దొరుకుతుందేమోనని. నువ్వు?"

"నేను మీ కొట్టుకి."

అరగంటలో ఇద్దరూ మళ్ళీ అక్కడే కలిశారు.

"మీ మేస్త్రి సూదిలో దారం ఎక్కించమన్నాడు," అన్నాడు సంచులాయన. "కాసేపు చూసి దండం పెట్టాడు. నీ సంగతో?"

"పని రానివాళ్ళకి యజమాని ఉద్యోగం ఒక్కటే ఉందట."

ఇద్దరూ నిట్టూర్చి, ఆ జీతం లేని ఉద్యోగానికైనా ఆలస్యం కాకూడదని, ఎవరి కొట్టుకు వాళ్ళు గబగబా నడిచారు.