పొయ్యి వెలగని పూట

ఆ పొద్దున అనుకున్న పని చిన్నదే. వంటింట్లో పాత గట్టు, బాత్‌రూమ్‌లో పాత బండలు పగలగొట్టాలి, ఆ పూటకు టిఫిన్ హోటల్ నుంచి తెచ్చుకోవాలి. చౌటుప్పల్‌లో ఐలేశం ఇంటి ముందు పనివాళ్లు దిగేసరికి కోడలు స్నిగ్ధ ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉంది. అందులో అన్నీ బొమ్మలే: నల్ల గ్రానైటు గట్టు, చప్పుడు లేకుండా మూసుకునే సొరుగులు, స్నానానికి అద్దాల గది.

“అద్దాల్ల తానం చేసుడేంది బిడ్డా, సిగ్గు లేకుంట!” అని అత్త సత్తమ్మ బుగ్గలు నొక్కుకుంది గానీ అడ్డు చెప్పలేదు.

ఆమె ఆశ వేరే ఉంది. కొత్త వంటింట్లో పాలు పొంగించే నాడు పుట్టింటివాళ్లు రావాలి, ఒడిబియ్యం పోయాలి, చీర పెట్టాలి. పుట్టింట్లో మిగిలింది దేవరకొండ దగ్గరుండే అన్న భీమయ్య ఒక్కడే. అతను తన కొడుకు పెళ్లికి ఇంటికొచ్చి పిలవక ఫోన్లో పిలిచాడని సత్తమ్మ పోలేదు. పోలేదని అతను ఈ గడప తొక్కడం మానేశాడు. అట్లా ఏళ్లు గడిచాయి. అన్న పేరెత్తడానికి ఆమెకు అభిమానం అడ్డొచ్చేది, అందుకని గ్రానైటు పేరెత్తేది.

పని మొదలవగానే ఇల్లంతా దుమ్ము కమ్మేసింది. ఎండకు పనివాళ్లు వాకిట్లో టెంటు కట్టారు. బాత్‌రూమ్ లేదు గనక ఐలేశం ఆ టెంటు పక్కనే మూడు రాళ్లు పెట్టి నీళ్లు కాగబెట్టాడు. తల పట్టేసిన సత్తమ్మ ముందుగదిలో చాప మీద ముసుగుతన్ని పడుకుంది.

సరిగ్గా అప్పుడే ఎదురింటి బాలనర్సమ్మ బయటికొచ్చింది. వంటింట్లో పొయ్యి వెలగలేదు. వాకిట్లో టెంటు, కాగే నీళ్లు. దుమ్ముకు ఎర్రబడి ఐలేశం కళ్లు కారుతున్నాయి. చావిల్లనుకోవడానికి ఇంకేం కావాలి?

“అయ్యో ఐలేశమన్నా! గిదెప్పుడే?”

“పొద్దుగాలనే. అంత అయిపోయింది,” అన్నాడు ఐలేశం వంటింటి వైపు చూస్తూ.

“సత్తక్క ఏది?”

“లోపల పండవెట్టిన.”

“నిన్నటిదాంక ఎంత మంచిగుండె!”

“మంచిగనే ఉండె గని పాతదైపాయె. ఎన్నేండ్లని ఉంచుకుంటం? రేపటికల్ల కొత్తదొస్తది.”

బాలనర్సమ్మ తెరిచిన నోరు మూయలేదు. అంతలో నలుగురు మనుషులు తెల్లగుడ్డ చుట్టిన అద్దాన్ని భుజాల మీద మోసుకొచ్చారు. అదేమిటో కూడా చూడకుండా ఆమె గుండెలు బాదుకుంది. ఆమెదీ భీమయ్య ఊరే. వెంటనే అతనికి ఫోన్ కొట్టింది.

కాసేపటికే ఇరుగుపొరుగు ఆడవాళ్లు అన్నం గిన్నెలతో దిగారు. “మా వంటిల్లు పోయిందని ఎంత బాధపడుతుండ్రో!” అని స్నిగ్ధ మురిసిపోయింది. శవాన్ని ముట్టుకుంటే తలస్నానం చేయాలి గనక ఎవరూ గడప దాటలేదు.

మధ్యాహ్నం కిరాయి కారులో వచ్చిన భీమయ్య ఎవరినీ పలకరించకుండా లోపలికి పరుగెత్తి చెల్లెలి చాప పక్కన కూలబడ్డాడు. సత్తమ్మకు అతని ఏడుపుతోనే మెలకువ వచ్చింది.

“సెల్లే! ఒక్క మాట చెప్పకుంట పోతివా! నేనే వద్దామనుకుంటిని గదనే!”

ఎన్నేళ్లకు విన్నది ఆ గొంతు! లేవబోయి ఆగింది. లేస్తే ఆ పిలుపు ఆగిపోతుంది. ముసుగు కింద కన్నీళ్లు కారుతుంటే, ఇంకాసేపు చచ్చిపోయి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

కానీ దుమ్ము ఊరుకుంటుందా? పెద్ద తుమ్ము వచ్చింది.

వాకిట్లో జనం గిన్నెలు పారేసి పరుగెత్తారు. భీమయ్య మాత్రం కదల్లేదు. రెండు చేతులతో చెల్లెలి మొహం తడిమి, నవ్వి, మళ్లీ ఏడ్చాడు. అతని చంకలో కొత్త చీర కనిపించింది సత్తమ్మకు.

“నాకేనా అన్నా?” అని ఆశగా చెయ్యి చాపింది.

అతను చటుక్కున వెనక్కి దాచాడు. “ముట్టకు! గిది… మీద కప్పేది.”

పరుగెత్తి మళ్లీ తొంగిచూడ వచ్చినవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వాకిలంతా పాకింది. భీమయ్య మొహం నల్లబడింది.

“నన్ను రప్పిచ్చుకునేందుకు గిన్ని ఏషాలేస్తవా? నలుగుట్ల నవ్వులపాలు చేస్తివి!”

“కాదన్నా, నీ మీద ఒట్టు! జర కూసో. ఇన్ని నీళ్లన్న తాగు.”

అతను కూర్చోలేదు. చీర చంకన పెట్టుకుని కారెక్కాడు. కారు కనుమరుగయ్యేదాకా సత్తమ్మ దుమ్ముకొట్టుకుపోయిన తలతో గేటు పట్టుకుని నిలబడింది. ఐలేశం తప్పు చేసినవాడిలా పక్కకు వచ్చాడు.

“మల్ల వస్తడంటవా?”

“వస్తడు,” అంది సత్తమ్మ. “చీరె కొనే పెట్టుకున్నడు గద.”