దాలమ్మ పిండిమర

ఆ ఉదయం కూర్మయ్య అనుకున్న పని చిన్నదే. పురపాలక సంఘం వాళ్లు ఇంటి విలువ కట్టడానికి సాయంత్రం వచ్చేలోగా ముందుగదిలోని పిండిమర బోల్టులు నాలుగూ విప్పేయాలి. కలకత్తా దగ్గరి బడ్జ్ బడ్జ్‌లో ఆ మరను పదకొండేళ్లు ఆడించింది అతని భార్య దాలమ్మ. ఆవిడ పోయి ఆరు నెలలైంది. అప్పటినుంచి మర ఆడలేదు గానీ, కూర్మయ్య రోజూ దాన్ని తుడుస్తూనే ఉన్నాడు.

సలహా పక్కింటి బైరాగిది. పురపాలక ఆఫీసు ఊడ్చేవాడు గనుక చట్టమంతా తనకు తెలుసని అతని నమ్మకం.

“నేలకి బిగిస్తే ఇంటితోపాటే లెక్క, మావా. ఊడదీస్తే ఉత్త సామానే. ఈసారి పన్ను పెంచితే నీ పింఛనుతో కట్టగలవేటి? మర అమ్ముకోవాల.”

ఆ చివరిమాటకే కూర్మయ్య పానా పట్టుకున్నాడు.

బోల్టులు తుప్పుపట్టి కదల్లేదు. ఇద్దరూ కలిసి మర కింది సిమెంటు దిమ్మ పగలగొట్టారు. రాళ్లూ రప్పలూ ఎత్తిపోసేదాకా మరను వీధిలోకి దొర్లించారు. సరిగ్గా అప్పుడే జూట్ మిల్లులో పొద్దుటి షిఫ్టు వదిలారు. యంత్రం గుమ్మం దాటిందంటే మిల్లు మూతేనని ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. పది నిమిషాల్లో కార్మికులు ఎర్రజెండాలు పాతి, వీధికి అడ్డంగా కూర్చున్నారు.

“ఎంతమందిని రోడ్డున పడేస్తున్నావు?” అన్నాడు యూనియన్ నాయకుడు తారక్ దాదా.

“పనిచేసింది నా ఇంటిది ఒక్కర్తే, దాదా. వైశాఖంలో ఎల్లిపోయింది.”

“పర్మనెంటా?”

“పర్మనెంటే అనుకున్నాను.”

తారక్ దాదా తల దించుకున్నాడు. వెనకాల ఎవరో ముక్కు చీదారు. దాంతో పట్టుదల ఇంకా పెరిగింది. దాలమ్మ మర కదలడానికి వీల్లేదని తీర్మానించి, చందాల సిమెంటుతో మునుపటికన్నా గట్టిగా బిగించి, దండ వేసి మరీ వెళ్లారు.

సాయంత్రం విలువ కట్టే బాబు వచ్చాడు. తడి ఆరని దిమ్మను చూసి, సంచిలోంచి ఓ కాగితం తీశాడు.

“ఆసుపత్రినుంచి మీ ఆవిడ పంపిన దరఖాస్తు. తన తరవాత మర ఆగిపోతుందట, ఆడించడం మా ఆయనకు చేతకాదు, మర మీద పన్ను కొట్టేయండి అని రాయించింది. కొట్టేద్దామనే వచ్చాను. ఇంత సిమెంటు పోశాక ఆగిపోయిందని ఎలా రాయను?”

కూర్మయ్య పన్ను గురించి అడగలేదు. కాగితం చివరనున్న వేలిముద్ర మీద తన వేలు ఆనించి, “సచ్చిపోతా కూడా నా గురించే ఆలోసించిందా,” అంటూ ఏడ్చాడు. బాబు పన్ను రాసుకునే వెళ్లాడు.

పన్ను కట్టాలి గనుక, మర్నాడు కూర్మయ్య మర ఆడించాడు. దాలమ్మ దరఖాస్తులో అబద్ధమేమీ లేదు, పిండి నూకలా వచ్చింది.