కోటలో కన్నం పోయింది

ఆ రోజు ఉదయం కోట సూపరింటెండెంటు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు తనిఖీ బృందం వస్తుంది. వాళ్లకు కోట చూపించాలి, బురుజు మెట్ల దగ్గర తల తగలకుండా చూడాలి, అధ్యక్షురాలి చేత "బాగుంది" అనిపించుకోవాలి. ఆ ఒక్క మాట కాగితం మీద పడితే చాలు, ఆరేళ్లుగా కదలని అతని బదిలీ అర్జీ కదులుతుంది. భార్యా, ఏడేళ్ల కూతురూ ఉంటున్న నగరంలో, ప్రధాన కార్యాలయంలో కుర్చీ దొరుకుతుంది. ఆ నమ్మకంతో ముందురోజే సూట్‌కేసు కూడా సర్దేశాడు.

"ఈసారైనా వస్తారా, లేక మళ్ళీ ఆ రాళ్లతోనే కాపురమా?" అని పొద్దున్నే భార్య ఫోన్లో అడిగింది.

"ఈసారి ఖాయం. బీరువాలో నా బట్టలకి ఒక అర ఖాళీ చేసి పెట్టు."

"ఎప్పుడో చేశాను. మీరు రాకపోతే అర ఖాళీగా ఊరుకుంటుందా? అందులోకి పాత పేపర్లు వచ్చేశాయి."

పోయినసారి ఇంటికి వెళ్లినప్పుడు తలుపు తీసింది కూతురే. అతను చేతిలో సంచి ఇంకా కింద పెట్టనేలేదు. "నాన్నా, ఎప్పుడెళ్తావ్?" అని అడిగింది. పిల్ల మనసులో ఏమీ లేదు, అలవాటు కొద్దీ అడిగింది, అంతే. అతనికి మాత్రం ఆ మాట పంటి కింద రాయిలా ఉండిపోయింది.

ఫోను పెట్టేసి చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా గైడు రొప్పుకుంటూ వచ్చాడు. ఇతన్ని అందరూ ఫిరంగి అంటారు. గొంతు అలాంటిది. గుసగుసలాడినా బురుజు మీది పావురాలు లేచిపోతాయి.

"సార్, కొంప మునిగింది. కన్నం పోయింది!"

సూపరింటెండెంటుకు అర్థం కాలేదు. లోకంలో ఎవరైనా కన్నం పడిందని మొత్తుకుంటారు గానీ పోయిందని మొత్తుకోరు.

"పొద్దున్నే ఏంటయ్యా ఇది? ఉన్నది పోతుంది గానీ, అసలు ఏమీ లేని ఖాళీ జాగా ఎలా పోతుంది?"

"గుండు కన్నం సార్! రాణిగారి గదిలోది!"

అప్పుడు సూపరింటెండెంటు చేతిలోని గుండీ ఊడి కింద పడింది.

ఈ కోటకు రాళ్లున్నాయి, మెట్లున్నాయి, గబ్బిలాలున్నాయి. అవి ఏ కోటకైనా ఉంటాయి. జనం బస్సులు కట్టుకుని వచ్చేది మాత్రం గుండు కన్నం కోసం. శత్రువులు పేల్చిన ఫిరంగి గుండు, రాణిగారు కిటికీ పక్కన కూర్చుని జడ వేసుకుంటూ ఉండగా, రెండు మూరల మందం గోడను తొలుచుకుని ఆమె చెవి పక్కనుంచి దూసుకుపోయిందట. రాణిగారు వెనక్కి కూడా తిరగకుండా, "ఎవరది? తలుపు కొట్టి రావాలని తెలీదూ?" అన్నారట. ఫిరంగి ఈ కథను పద్దెనిమిదేళ్లుగా చెబుతున్నాడు. జనం విని, ఆ కన్నంలో తల దూర్చి ఫొటో దిగి వెళతారు. టికెట్టు మీద అచ్చేసింది కూడా ఆ గోడ బొమ్మే.

ఇద్దరూ మెట్లు ఎక్కి పరుగెత్తారు. రాణిగారి గదిలో మేస్త్రీ తాపీని గుడ్డతో తుడుచుకుంటున్నాడు. ఎదురుగా గోడ అద్దంలా ఉంది. కిటికీకి అటూ ఇటూ ఒకే నునుపు, ఒకే రంగు. అతుకన్నది లేదు.

ఈ మేస్త్రీ కోటకు వచ్చి మూడు రోజులే అయింది. అంతకుముందు పాతికేళ్లు నీళ్ల ట్యాంకుల విభాగంలో చేశాడు. అక్కడ కన్నమంటే శత్రువు. సూదిమొన అంత కనపడినా ఊరంతా తిడుతుంది. ముందురోజు సూపరింటెండెంటు అతన్ని పిలిచి, ఎలుక బొరియలూ పావురాల గూళ్లూ దృష్టిలో పెట్టుకుని, "అందరూ వచ్చేసరికి గోడలకి ఒక్క కన్నం కనపడకూడదు" అన్నాడు. మేస్త్రీకి ప్రాణం లేచివచ్చింది. చేతనైన పని దొరికింది కదా!

"ముప్పై ఏడు మూశానండీ" అన్నాడు మేస్త్రీ, మెచ్చుకోలు కోసం నిలబడి. "ఇది మాత్రం పెద్దదండీ, రెండు తట్టల మాలు మింగేసింది. అయినా భయం లేదు, సిమెంటు వేసి, అతుకు కనపడకుండా గోడంతా పూసేశాను. దీన్నిక ఏనుగు గుద్దినా కదలదు."

"సిమెంటా!" సూపరింటెండెంటు గోడకు జారబడబోయి, తడి అని గుర్తొచ్చి ఆగాడు. "మూడొందల ఏళ్ల గోడకి సిమెంటా? మన శాఖలో అంతకంటే పెద్ద నేరం లేదయ్యా! సున్నం తప్ప ఇంకోటి ముట్టుకోకూడదని నీకెవరూ చెప్పలేదా? కళ్లు పనిచేస్తున్నాయా? జనం దేశాలు దాటి వచ్చి చూసే కన్నాన్ని పూడుస్తావా? నువ్వు మేస్త్రీవా, మా పాలిట శనివా?"

మేస్త్రీ ముఖం ఎర్రబడింది. "కన్నాలు మూయమంది మీరు. మూస్తే తిట్టేదీ మీరే. మంచికి పోతే చెడు ఎదురయిందని మా అమ్మ ఊరికే అనలేదు" అని తాపీని తట్టలో విసిరి, మోటారుసైకిలెక్కి వెళ్లిపోయాడు. ఫోను కూడా కట్టేశాడు.

అప్పుడు గుర్తొచ్చింది సూపరింటెండెంటుకు, తిట్టడానికి ముందు అతన్ని ఒక్క మాట అడగవలసి ఉందని. కన్నం కిటికీకి ఏ వైపుంది? ఆరేళ్లుగా చూస్తున్నదే అయినా, ఈ నున్నటి గోడ ముందు అతనికి తేలలేదు.

టైము తొమ్మిదిన్నర. ఉన్నది ఒకటే దారి. బృందం వచ్చేలోగా మళ్లీ తవ్వాలి.

"కుడివైపే సార్" అన్నాడు ఫిరంగి, గోడకేసి తిరిగి కుడిచెయ్యి చాపి. "పద్దెనిమిదేళ్లుగా ఇదే చెయ్యి అందులో పెట్టి చూపిస్తున్నా. చేతికి తెలీదా ఏంటి?"

చేతికి తెలుసు. కాకపోతే పద్దెనిమిదేళ్లూ ఆ చెయ్యి జనం వైపు తిరిగి, గోడకు వీపు పెట్టి చూపించింది. ఈ సంగతి ఫిరంగికి తోచలేదు. సూపరింటెండెంటు అనుమానం తీరక జేబులోంచి టికెట్టు తీశాడు. బొమ్మలోనూ కన్నం కిటికీకి కుడివైపే ఉంది. అచ్చులో ఉన్నదాన్ని అనుమానించే మనిషి కాడతను. ఆ బొమ్మను ప్రెస్సువాళ్లు తిరగేసి అచ్చు కొట్టారని ఇన్నేళ్లలో ఎవరూ కనిపెట్టలేదు. టికెట్టును చించేవాళ్లే గానీ చూసేవాళ్లెవరు?

గది ఊడవడానికి వచ్చిన ముసలావిడ గుమ్మంలో నిలబడింది. కోటలో అందరూ ఆవిణ్ణి అవ్వ అంటారు.

"అటు కాదు బాబూ, ఇటు..." అంది.

"అవ్వా, నువ్వు కాసేపు పక్కకి ఉండు. దుమ్ము లేస్తుంది" అన్నాడు సూపరింటెండెంటు గునపం ఎత్తుతూ.

గంటసేపు ఇద్దరూ కిందామీదా పడి తవ్వారు. ఇస్త్రీ చొక్కా మట్టిచొక్కా అయింది. సిమెంటు పూత ఊడింది, దాని వెనక రాళ్లు ఊడాయి, ఇంకా వెనక ఇంకా రాళ్లు. మేస్త్రీ పోసిన మాలు మాత్రం ఎక్కడా తగల్లేదు.

"ఏంటయ్యా, రెండు తట్టలన్నాడు, చెంచాడు కూడా రాదేం?"

"లోపలికి దిగిపోయి ఉంటుంది సార్. ఇంకొక్క పోటు."

ఆ ఒక్క పోటుకు గునపం టంగుమంది. ఫిరంగి చెయ్యి పెట్టి తడిమాడు. గొంతు మొట్టమొదటిసారి చిన్నదైపోయింది.

"సార్... గుండు."

గోడ మధ్యలో, పుచ్చకాయంత ఇనప గుండు ఇరుక్కుని ఉంది. తుప్పు పట్టి, రాళ్లను పట్టుకుని, ఒక్క అంగుళం కూడా ఇవతలికి రాకుండా. బయటివైపు దెబ్బను ఆ కాలంలోనే ఎవరో రాయి పెట్టి మూసేశారు.

"గుండు ఇక్కడే ఉండిపోతే, మరి ఆ కన్నం ఎవరు చేశారు?" అన్నాడు సూపరింటెండెంటు.

"మా మామగారు" అంది గుమ్మంలోంచి అవ్వ. "అప్పట్లో కోట పాడుబడి ఉండేది. కాపలా ఉద్యోగం మా మామగారిది. ఈ గదిలోనే కాపురం ఉండేవాళ్లం. పొయ్యి పొగకి మా అత్త ఒకటే దగ్గు. పడలేక ఆయనే ఎడమవైపు కన్నం కొట్టాడు."

ఫిరంగి నేలమీద కూలబడ్డాడు. "అవ్వా! పద్దెనిమిదేళ్లుగా నేను రోజూ ఆ కథ చెబుతుంటే వింటూ ఊరుకున్నావా?"

"నువ్వు బాగా చెబుతావయ్యా. మధ్యలో నేనెందుకు?"

సరిగ్గా అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తనిఖీ బృందం అరగంట ముందే వచ్చేసింది. గోడకు మనిషి పట్టేంత గొయ్యి, చేతిలో గునపం, నెత్తిన దుమ్ము. కన్నంలో దొంగలు దొరకడమంటే ఇదే. సూపరింటెండెంటుకు కళ్లముందు బదిలీ కాగితం కాదు, పాత పేపర్లు పేర్చిన బీరువా అర కనిపించింది. ఏడుపొక్కటే తక్కువ.

అధ్యక్షురాలు ముందుకు వచ్చింది. కళ్లజోడు సవరించుకుని గొయ్యిలోకి తొంగి చూసింది. గుండును వేలితో తట్టింది. తర్వాత ఎడమవైపు నున్నటి గోడను చూసింది.

"ఇక్కడి కన్నం ఏమైంది?"

"పూ... పూడ్చేశామండీ."

"ఎందుకు?"

సూపరింటెండెంటు అబద్ధం వెతుక్కున్నాడు, దొరకలేదు. "అది... అది గుండు కన్నం కాదండీ. పొయ్యి పొగ కన్నం."

ఆవిడ చేతిలోని ఫైలు మూసేసింది. "నేను రాసుకొచ్చిందీ అదే. ఆ కన్నంలో మసి ఉందని, ఈ కోట జనాన్ని మోసం చేస్తోందని పోయిన ఏడాదే నాకు ఫిర్యాదు వచ్చింది. ఈ రోజు కోటను చారిత్రక కట్టడాల జాబితాలోంచి కొట్టేయడానికే వచ్చాను. ముప్పై ఏళ్ల సర్వీసులో అబద్ధాన్ని తన చేత్తో పూడ్చి, నిజాన్ని తన చేత్తో తవ్విన ఆఫీసర్ని ఇప్పుడే చూస్తున్నాను. బాగుంది. చాలా బాగుంది!"

"బాగుంది" ఒకసారి చాలనుకున్నవాడికి రెండుసార్లు వచ్చింది. సూపరింటెండెంటు ఆ రోజంతా నేల మీద నడవలేదు. భార్యకు ఫోన్ చేసి పాత పేపర్లు తీయించాడు.

మూడు వారాలకు ఉత్తర్వులు వచ్చాయి. మొదటిది సూపరింటెండెంటుకు. ఇంతటి నిజాయితీ గల అధికారిని కదిలిస్తే కోటకు తీరని నష్టం కనుక, బదిలీ అర్జీని తోసిపుచ్చి, మరో అయిదేళ్లు ఇక్కడే కొనసాగించడమైనది. పక్కన శాలువా, ప్రశంసాపత్రం. రెండోది మేస్త్రీకి. పురాతన గోడకు సిమెంటు పూసిన నేరానికి శిక్షగా, ఇకపై పెద్దల కళ్లెదుటే పనిచేసేట్టు, నగరంలోని ప్రధాన కార్యాలయానికి బదిలీ చేయడమైనది.

"నాకొద్దు బాబోయ్, ఆ ట్రాఫిక్కులో నేను బతకలేను. మీరైనా చెప్పండి సార్" అని మేస్త్రీ వచ్చి బతిమాలాడు. సూపరింటెండెంటు తనకొచ్చిన ఉత్తర్వు తీసి అతని చేతిలో పెట్టాడు. చివరికి మేస్త్రీయే జాలిపడి, "పోనీ, ఇంటికేమైనా పంపిస్తారా?" అని అడ్రసు రాయించుకు వెళ్లాడు.

ఆ ఆదివారం సాయంత్రం భార్య ఫోన్ చేసింది.

"మీ మేస్త్రీ వచ్చాడండీ. వంటింటి గోడ కారుతోందని మీకు ఏడాది నుంచీ చెబుతున్నానా? గంటలో ఆపేశాడు. పిల్లకి తాపీ పట్టుకోవడం కూడా నేర్పించాడు. వెళ్తుంటే అది గుమ్మం దాకా పరిగెత్తి ఏమడిగిందో తెలుసా?"

"ఏమడిగింది?"

"'అంకుల్, మళ్ళీ ఎప్పుడొస్తావ్?' అని."

సూపరింటెండెంటు ఫోను పెట్టేసి, కోటంతా ఒక చుట్టు తిరిగి, గోడలన్నీ శ్రద్ధగా చూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రెండు బస్తాల సిమెంటు తెప్పించాడు.