అతి ప్రావీణ్యానికి పావు పాయింటు కోత

రెండువేల పన్నెండు జూన్ మూడో ఆదివారం ఉదయం పది గంటల నుంచి చిక్కడపల్లిలో అన్యాయం రద్దయింది. ఈ మేరకు జగన్మోహన్ నడిపే కంప్యూటర్ గేముల సెంటర్ తలుపుకు ఒక కాగితం అంటించారు. అడుగున 'రూపకర్త: నాగేందర్, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్' అని ఉంది.

నాగేందర్‌ది జగిత్యాల దగ్గర ఒక పల్లె. నాలుగేళ్లుగా అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి సర్కారు కొలువు పరీక్షలకు చదువుతున్నాడు. నోటిఫికేషన్ రావడం లేదు గనుక చదువూ ఆగడం లేదు. అంతకుముందు ఒక ఉద్యోగం అతనికి అర మార్కుతో తప్పిపోయింది. అప్పటి నుంచి మార్కులు వేసే పద్ధతి ఒక్కటి సరిగ్గా ఉంటే లోకంలో తక్కినవన్నీ వాటంతటవే సర్దుకుంటాయని నమ్ముతున్నాడు. సరిగ్గా ఇలాంటివాడి కోసమే జగన్మోహన్ వెతుకుతున్నాడు.

జగన్మోహన్ సెంటర్లో ఎనిమిది కంప్యూటర్లు. ఇటు నలుగురు, అటు నలుగురు కూర్చుని తెర మీద తుపాకులతో వేటాడుకుంటారు. ఆట ఇరవై నిమిషాలు, పంచాయితీ గంట. పైగా బెంగళూరులో పెద్ద పోటీ ఒకటి ఉంది. సెంటర్ తరఫున ఒకరిని రైలు టికెట్ ఇచ్చి పంపాలి. ఎవరిని పంపాలో అందరికీ తెలుసు. నారాయణగూడలో డిగ్రీ చదివే రాంనగర్ అమ్మాయి నవనీత కూర్చుందంటే అవతలి నలుగురూ కుర్చీ వేడెక్కకముందే లేచిపోయేవారు. ఆ బెంగళూరు పోటీ కోసం ఆమె ఏడాదిగా ఎదురుచూస్తోంది. అందరికీ తెలిసిన విషయం కాబట్టి దాన్ని తేల్చడానికి ఒక పద్ధతి అవసరమైంది.

"రేపు ఎవ్వలూ నోరెత్తొద్దు తమ్మీ. గసొంటి పాయింట్లు తయారు చెయ్యి" అన్నాడు జగన్మోహన్.

నాగేందర్ పదకొండు రోజులు లైబ్రరీలో కూర్చున్నాడు. మొదట ఒక మనిషిని పడగొడితే ఒక పాయింటు అని రాశాడు. ఒక్క వాక్యంలో అయిపోయినందుకు అతనికే అనుమానం వచ్చింది. కాగితం చూసిన ఫణీంద్ర అభ్యంతరం చెప్పాడు. ఫణీంద్ర ఓడిపోయిన తర్వాత మాట్లాడటంలో ఆ వీధికే పెద్ద. శత్రువును తాను ముప్పావు వంతు చంపితే ఆఖరి గుండు ఇంకొకరు కొట్టి పాయింటు పట్టుకుపోతున్నారన్నాడు. న్యాయమే. చావును నాలుగు భాగాలు చేశారు. మరి అడ్డంగా వెళ్లి చచ్చినవాడి సంగతేమిటి? అతనికి త్యాగం కింద ఒకటి. ఏడో నంబరు మౌసు ఎడమవైపు తిరగదు. అక్కడ కూర్చున్నవారికి మౌసు భృతి కింద రెండు. కవాడిగూడ నుంచి బస్సులో నిలబడి వచ్చేవారికి ప్రయాణ పరిహారం. ఓడిన తర్వాత ఆ రోజు అన్నం సహించనివారికి మనోవేదన కింద మూడు, అయితే ఇంట్లోవాళ్లు రాసిచ్చిన కాగితం జతచేయాలి.

ఇన్ని చేసినా నవనీతే ముందుంది. పద్ధతిలో ఎక్కడో లోపం ఉందని దీన్నిబట్టి తేలిపోయింది. పదిమందికి మించి పడగొట్టేవారి వల్ల తక్కినవారి ఉత్సాహం దెబ్బతింటోందని కనిపెట్టి, అతి ప్రావీణ్యానికి, పది దాటి పడ్డ ఒక్కొక్కరి చొప్పున పావు పాయింటు కోత పెట్టారు. ఎవరినీ పడగొట్టనివారు ఎవరికీ హాని చేయలేదు కాబట్టి వారికి సత్ప్రవర్తన కింద ఐదు. ఎవరి మొత్తమూ వంద దాటకూడదని, కోత పడనివారికి తక్కువైతే వంద పూరించాలని ఆఖరున ఒక గీత గీశారు.

ఆ ఆదివారం ముప్పైరెండుమంది ఆడారు. నవనీత ఒక్కతే అన్ని ఆటల్లోనూ కలిపి నలభై ఒక్కమందిని పడగొట్టింది. సాయంత్రం ఫలితాలు వచ్చాయి. ముప్పైఒక్కమందికి నూటికి నూరు, నవనీతకు తొంభైరెండుంబావు. ఇంత సమానత్వం ఆ ప్రాంతం మునుపెన్నడూ చూసి ఎరుగదు. ఫణీంద్ర కళ్లు తుడుచుకున్నాడు.

సమానంగా వచ్చినప్పుడు వయసులో పెద్దవారికి ప్రాధాన్యం ఇవ్వాలని పరీక్షల నోటిఫికేషన్లలో ఉంటుంది. నాగేందర్ దాన్ని అక్షరం పొల్లుపోకుండా దింపుకొచ్చాడు. ఆ ప్రకారం ప్రథమ స్థానం జగన్మోహన్ మేనమామ బుగ్గయ్యకు దక్కింది. డెబ్భైఒక్కేళ్ల బుగ్గయ్య ఫ్యాను కింద చల్లగా ఉంటుందని వచ్చి ఏడో నంబరు కుర్చీలో కునుకు తీశాడు. కుర్చీలో ఉన్నవారి పేరు రాయాలన్నది నియమం. ఎవరినీ చంపలేదు, నాలుగుసార్లు చచ్చాడు, మౌసు ఎడమవైపు తిప్పలేదు. దండ వేస్తుంటే ఎవరి పెండ్లి అని అడిగాడు.

అనుభవానికి పట్టం కట్టిన ఘనత మన చిక్కడపల్లికే దక్కిందని, దేశం ఈ బాటలో నడవాలని జగన్మోహన్ ప్రసంగించాడు. చప్పట్లు ఆగాక నవనీత నాగేందర్ దగ్గరికి వచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు.

"అన్నా, ఒక్క మాట చెప్పు. ఆట ఎవరు గెలిచిన్రు?"

నాగేందర్ చేతిలోని కాగితాలు తిరగేశాడు. పంతొమ్మిది పేజీల్లో ఎక్కడా ఆ గడి లేదు.

"గెలిచింది నువ్వే చెల్లె. ఫస్ట్ వచ్చింది తాత."

రెండు వారాల తర్వాత కాచిగూడ స్టేషన్లో బుగ్గయ్యను స్లీపర్ బోగీ ఎక్కించి నాగేందర్ వెనక్కి వస్తున్నాడు. అదే రైలు జనరల్ బోగీలో నవనీత కనిపించింది. పక్కన వాళ్లమ్మ మంజుల ఉంది. పోటీకి విడిగా పేరు ఇచ్చుకుని వెళ్తున్నామని మంజుల చెప్పింది. నాగేందర్ కిటికీ దగ్గర ఆగాడు. ఏదైనా మంచి మాట అనాలనుకున్నాడు. పరుగున పోయి నీళ్ల సీసా కొనుక్కొచ్చి కిటికీలోంచి అందించాడు.

"జనరల్ల పోతున్నవ్ గద చెల్లె, రూల్ ప్రకారం నీకు రెండు పాయింట్లు కలుస్తయ్" అన్నాడు.

నవనీత నవ్వింది. రైలు కదిలింది. ప్లాట్‌ఫాం మీద నిలబడి అతను ఆ రెండూ కలిపి చూశాడు. తొంభైనాలుగుంబావు. అప్పటికీ ఆఖరే.

బెంగళూరులో బుగ్గయ్య పదకొండు సెకన్లు నిలిచాడు. నవనీత రెండో బహుమతి తెచ్చింది. చిక్కడపల్లి చౌరస్తాలో మర్నాడే ఫ్లెక్సీ లేచింది. నిండా బుగ్గయ్య, పక్కన చేతులు జోడించి జగన్మోహన్, మూలన నవనీత, ఆమె చేతిలో కప్పు. అడుగున రూపకర్తగా తన పేరు ఉండటం చూసి నాగేందర్ మొదటిసారి సిగ్గుపడ్డాడు. దాన్ని తీసేయమని జగన్మోహన్‌ను అడిగాడు. వినయం కింద అతనికి రెండు పాయింట్లు వేశారు.

ఫ్లెక్సీ ముందు జనం ఆగారు. కప్పు ఎవరిదని ఒక్కరూ అడగలేదు. తమ ఫోటో ఎందుకు లేదని అందరూ అడిగారు. అభ్యంతరం న్యాయంగా తోచడంతో మూడో రోజు ఇంకా పెద్ద ఫ్లెక్సీ కట్టారు. చోటు చాలక నవనీతను తీసేశారు.

మీ ఫోటో కూడా ఉంది. కింది నుంచి రెండో వరుస. వెళ్లి చూసుకోండి.