ఏడు పిన్నుల పరిపాలన

"ఈ కౌంటీలో ఇకపై ఏ ఊరూ మునగదు!" అని సూపర్‌వైజర్ వెర్లిన్ ఊస్టర్‌హౌస్ ఏప్రిల్ మొదటి మంగళవారం నాటి కౌంటీ బోర్డు మీటింగులో ప్రకటించారు. కౌంటీ కొత్త ఎస్‌యూవీకి ట్రెయిలర్ వైరింగ్ వేయించి, షెడ్డులో ఉన్న, వరద నీళ్ళు తోడే పంపు ట్రెయిలర్‌ని దాంతో లాగిస్తారట. ఆ ట్రెయిలర్‌ని లాగే పాత ట్రక్కుని అమ్మించి ఎస్‌యూవీ కొనిపించింది ఆయనే. ఇంతటి దూరదృష్టి అయోవా రాష్ట్రంలో ఇంకొకరికి లేదని కౌంటీ గ్యారేజీ మెకానిక్‌గా నేను ప్రమాణం చేసి చెప్పగలను.

అప్పటికి మా కౌంటీలోని బిక్స్‌లర్ ఊళ్ళో నది పొంగి లోరెట్టా హాగీ నడిపే కాఫీ హోటల్ మొదటి మెట్టు తడిపింది. ఆవిడకున్నదల్లా ఆ హోటలే.

ప్లగ్గుకి నాలుగు పిన్నులా, ఏడా అన్నది చర్చ. నాలుగైతే లైట్లు మాత్రమే వెలుగుతాయి. ఏడైతే ట్రెయిలర్ బ్రేకులూ పడతాయి. రెండు గంటల పాటు సభ్యులు ప్రాణాలకు తెగించి ఆలోచించారు. మధ్యలో తినడానికి పెట్టిన తియ్యటి ‘రూబార్బ్ పై’ మొత్తం అయిపోయింది.

"పిన్నులెన్నయితే ఏంటయ్యా వెర్లిన్, నీళ్ళు మెట్లెక్కుతున్నాయి!" అంది లోరెట్టా.

"ప్రజలు మాట్లాడ్డానికిచ్చే మూడు నిమిషాలూ అయిపోయాయి, లోరెట్టాగారూ."

"నేనింకా మొదలెట్టందే!"

"ఇందాక దగ్గారు కదా. అదీ లెక్కే."

ఏడు పిన్నుల తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నేను చెయ్యెత్తాను.

"సార్, బండి వెనక హిచ్ కొక్కెం లేదు. వైరు కలుస్తుంది గానీ, ట్రెయిలర్‌ని దేనికి తగిలిస్తాం?"

"గ్లెన్, ఇవాళ్టి ఎజెండాలో వైరింగే ఉంది. లేనిదాని మీద నిర్ణయం తీసుకుంటే చట్టం ఒప్పుకోదు. హిచ్ సంగతి వచ్చే నెల చూద్దాం."

చట్టమంటే ఆయనకంత భక్తి. మర్నాడు బంపరు ఊడదీసి, వైర్ల కట్ట పరిచి, ఎర్తు బిగించే చోట పెయింటు గీకి, సాయంత్రానికి పని ముగించాను. ఆయన వచ్చి నా స్క్రూడ్రైవర్ పట్టుకుని ఫొటో దిగారు.

గురువారం ప్రారంభోత్సవం. హైస్కూలు బ్యాండు వాయించింది. ఆయన స్వహస్తాలతో ప్లగ్గు గుచ్చారు. ఎడమ లైటు వెలిగింది, కుడి లైటు వెలిగింది, చప్పట్లు మోగాయి. ఎస్‌యూవీ పది అడుగులు ముందుకెళ్ళింది. ట్రెయిలర్ ఉన్నచోటే ఉంది. ప్లగ్గు ఊడొచ్చింది.

"పరీక్ష నూటికి నూరు పాళ్ళు సక్సెస్!" అన్నారాయన.

లోరెట్టా తన పాత పికప్‌ని వెనక్కి తెచ్చి, ట్రెయిలర్‌ని దాని హిచ్‌కి తగిలించుకుంది.

"ఆగండి! మీ బండికి వైరింగ్ లేదు!" అని అరిచారు సూపర్‌వైజర్.

"ఆ లైట్లు నువ్వే ఉంచుకో నాయనా!" అని వెళ్ళిపోయింది. ఆమె వెనకాలే ఎస్‌యూవీ అన్ని లైట్లూ మిణుకు మిణుకుమనిపిస్తూ ఊరేగింపుగా వెళ్ళింది.

హోటల్ చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి. బస్తాల ఇవతలికి ఊరిన నీళ్ళు పైమెట్టు దాకా వచ్చేశాయి. పంపు వెయ్యగానే నీళ్ళు ఒక మెట్టు దిగాయి. లోరెట్టా ఏడ్చేసింది.

అంతలో సూపర్‌వైజర్ విలేకర్లని హోటల్లో కూర్చోబెట్టి, ప్రసంగం అందుకున్నారు. పంపు రొదలో ఒక్క మాటా వినబడలేదు. బయటికెళ్ళి దాన్ని ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని వచ్చారు.

"ముందు నీళ్ళు తోడనివ్వవయ్యా!" అని అరిచింది లోరెట్టా.

"మీ గురించే మాట్లాడుతున్నానమ్మా."

ఒక్కో పిన్ను గొప్పతనం గురించి ఆయన విడివిడిగా చెప్పుకొచ్చారు. అయిదో పిన్ను దగ్గర నీళ్ళు గడప దాటాయి. ఏడో పిన్ను అయ్యాక మేమంతా కుర్చీలెక్కి చప్పట్లు కొట్టాం.