అత్తగారి సర్వర్ ఉద్యోగం

“మా ఆవిడ ల్యాప్‌టాప్” అని మాత్రమే అల్లుడు అన్నాడు. అది గది తలుపు దాటి, హాలు దాటి, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అత్తగారి చెవిలోకి దిగేసరికి “మా ఆవిడ తల్లి టాపు” అయి కూర్చుంది. అత్తగారి కుడిచెవి రిటైరై చాలాకాలమైంది. ఎడమచెవి పార్ట్‌టైముగా పనిచేస్తోంది గానీ, ఆరోజు ఆదివారం.

ఆ అల్లుణ్ణి చుట్టాలందరూ రిపేరు బావ అంటారు. రిపేర్లు చేస్తాడని కాదు, అతను చెయ్యి పెట్టిన ప్రతిదానికీ ఆ తర్వాత రిపేరు వస్తుందని. ఉద్యోగం బీమా ఆఫీసులో గుమాస్తాగిరి. ఊళ్లోవాళ్లకి అతను బీమా, ఇంట్లో వస్తువులకి భీముడు.

ఆ పొద్దున అతని పథకం మాత్రం మంచిదే. మామగారు టైలరు. పోయిన ఏడాది పోయారు. బతికుండగా కుట్టుమిషను తొక్కుతూ, శ్రుతి కుదరని పాటలు పాడుతూ, కనబడ్డ ప్రతివాడి మీదా ఒక జోకు కుట్టి వదిలేవారు. వాటన్నిటినీ అల్లుడు ఫోనులో వీడియోలు తీశాడు. ఆ ఫోను ఎప్పుడో పోయింది. వీడియోలు ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో మిగిలాయి, అదీ ఇవాళో రేపో అన్నట్టుంది. దాన్ని సర్వర్‌గా మార్చాలని అతని ఆలోచన. అంటే ఇంటిల్లిపాదీ ఫొటోలూ పాటలూ వీడియోలూ ఒకచోట దాచి, అడిగినప్పుడల్లా హాల్లో టీవీకి వడ్డించే పెట్టె అన్నమాట. మామగారు పోయినప్పటినుంచీ అత్తగారు టీవీ ముందు కూర్చుంటున్నారు గానీ, దాన్ని పెట్టమనడం లేదు. ఈ సాయంత్రం ఆవిడ అలా కూర్చుని ఉండగా టీవీలో మామగారు ప్రత్యక్షమై పాట ఎత్తుకోవాలి.

అందుకని అత్తగారికి చెప్పకూడదు. భార్యకి అసలే చెప్పకూడదు. ఆమె ఎప్పుడో హెచ్చరించింది. “అందులో మా నాన్న ఉన్నారు. కావాలంటే ఇల్లంతా విప్పుకోండి, దాని జోలికి మాత్రం పోకండి.” ఆమె బడిలో టీచరు. ఆదివారమైనా ఆరోజు పరీక్ష డ్యూటీకని బయల్దేరింది. ఆమె అటు గేటు వేయగానే ఇతను ఇటు తలుపు వేసుకుని కంప్యూటర్ షాపతనికి ఫోను చేశాడు.

“మా ఆవిడ ల్యాప్‌టాపండీ. ముసలిదైపోయింది. కీళ్లు వదులైపోయాయి, డిస్కు అరిగి కిర్రుకిర్రుమంటోంది. పారేద్దామంటే మా ఆవిడ ఊరుకోదు. అందుకని ఓ మూల పడేసి సర్వర్‌గా వాడుకుందామని.” కాసేపు ఆగాడు. “అవునండీ, రాత్రీ పగలూ పనిచేయాలి. నిద్రపోకుండా నేను చూసుకుంటాను. ముందు లోపలున్నదంతా బయటికి లాగేసి, తర్వాత శుభ్రంగా తుడిచేస్తాను.”

ఇక్కడ తప్పు అత్తగారిది కాదు, వ్యాకరణానిది. మన భాషలో మగవాడికి ‘వాడు’ అని వేరే మాట ఉంది. ఆడమనిషికీ అట్టపెట్టెకీ కలిపి ఒకటే ‘అది’. కుర్చీ అదే, కుక్కా అదే, కోపమొస్తే పెళ్లామూ అదే. పైగా అత్తగారికి నిజంగానే కీళ్లు వదులు. నడుములో డిస్కు జారితే డాక్టరు బెల్టు కట్టాడు. ఇక సర్వర్ అంటే ఆవిడకి తెలిసిన సర్వర్ ఒక్కడే, హోటల్లో భుజాన తువ్వాలు వేసుకుని, నాలుగు గ్లాసుల్లో నాలుగు వేళ్లు ముంచి నీళ్లు తెచ్చేవాడు.

చిక్కుడుకాయలు అక్కడే వదిలేసి ఆవిడ తమ్ముడికి ఫోను చేసింది. తమ్ముడు రిటైరైన బస్సు కండక్టరు. బస్సు దిగాడు గానీ బస్సు ఇంకా అతన్ని దిగలేదు.

“అల్లుడు నన్ను మూల పడేసి సర్వర్‌గా వాడుకుంటాట్టరా. రాత్రుళ్లు నిద్ర కూడా పోనివ్వట్ట. అది కాక, లోపలున్నదంతా లాగేసి నన్ను తుడిచేస్తాట్ట.”

“ఎవరితో అంటున్నాడు?”

“తలుపేసుకుని ఎవరికో చెబుతున్నాడు. అమ్మాయి ఊరుకోదని భయం మాత్రం ఉంది వెధవకి.”

“హోల్డాన్ అక్కయ్యా. ఎక్కడున్నదానివి అక్కడే ఉండు. వస్తున్నా.”

ఫోను పెట్టేశాక ఆవిడకి పౌరుషం వచ్చింది. ఇన్నాళ్లూ కూతురింట్లో తిన్నాను, ఆ మాట పడటం దేనికి, సర్వర్‌గానే చూపిస్తాను అనుకుంది. భుజాన తువ్వాలు వేసుకుంది. నాలుగు గ్లాసుల్లో నాలుగు వేళ్లు ముంచింది.

అప్పటికి అల్లుడు హాల్లో నేలమీద వైర్ల మధ్య మఠం వేసుకుని ఉన్నాడు. ల్యాప్‌టాప్‌కి కొత్త డిస్కు తగిలించి, వీడియోలు ఒక్కొక్కటే అందులోకి ఎక్కిస్తున్నాడు. పాత డిస్కు ఒక అడుగు వేసి రెండు మూలుగులు మూలుగుతోంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. గోడకున్న ప్లగ్గే దానికి ఊపిరి. అతనికి ముచ్చెమటలు పోస్తుండగా నెత్తిమీద గొంతు వినిపించింది.

“ఏం కావాలి సార్?”

“అత్తయ్యగారూ, సార్ ఏమిటండీ?”

“అలవాటు చేసుకోవాలిగా నాయనా. పని కుదిరాక వరసలు కుదరవు.”

ఆవిడ గ్లాసులు దించి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వంటింట్లోకి పోయింది. మళ్లీ వచ్చి నేల తుడిచింది. మళ్లీ వచ్చి బిల్లు ఇప్పుడిస్తారా తర్వాతిస్తారా అని అడిగింది. అల్లుడు వైర్లు వదిలి ఆవిడ వంక చూశాడు. మామగారి బెంగతో ఈవిడకి మతి తప్పుతోంది, ఇంక సాయంత్రం దాకా ఆగితే లాభం లేదు అనుకున్నాడు. రహస్యం కొంచెం విప్పితే ధైర్యం వస్తుందనిపించి, ఆవిడ చెయ్యి పట్టుకుని టీవీ ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు.

“ఇక్కడే కూర్చోండి, కదలకండి. ఇంకాసేపట్లో మీరు మామయ్యగారిని చూస్తారు.”

ఆ ఒక్క వాక్యం అత్తగారికి అక్షరం పొల్లుపోకుండా వినిపించింది. ఆవిడ వంగి చూసింది. కుర్చీ కింద నుంచి వైర్లు పోతున్నాయి.

“పట్టుచీర కట్టుకోమంటావా నాయనా?” అంది నీరసంగా.

“కట్టుకోండి. ఆయన కుట్టిన జాకెట్టు వేసుకోండి, సంతోషిస్తారు.”

“నొప్పి ఉంటుందా?”

“మొదట కొంచెం ఏడుపొస్తుందండీ. తర్వాత హాయిగా ఉంటుంది.”

అతను తల ఎత్తకుండానే చెప్పాడు. తెరమీద మొదటి వీడియో పూర్తిగా ఎక్కింది, రెండోది సగంలో ఉంది. ఆవిడ చీర మార్చుకుని వచ్చి, కొంగు నిండుగా కప్పుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. మనిషి వణుకుతోంది గానీ పారిపోలేదు. ఆయన్ని చూడటమంటే ఏ దారైనా ఆవిడకి మరీ అంత చేదుగా లేదు.

కండక్టరు వచ్చింది సరిగ్గా అప్పుడు. గుమ్మంలోంచి అతనికి కనిపించింది కుర్చీలో పట్టుచీరతో కళ్లు మూసుకున్న అక్క, ఆమె కిందనుంచి గోడదాకా వైర్లు, వాటి పక్కన మోకాళ్లమీద కూర్చుని “ఇంకొంచెమే, ఇంకొంచెమే” అంటున్న అల్లుడు. బస్సు బోల్తా పడుతున్నా టికెట్లు జేబులో పెట్టుకుని దిగిన మనిషి అతను. తిన్నగా ప్లగ్గు దగ్గరికి నడిచాడు.

“బాబాయిగారూ, అది తీయకండి. తీస్తే పోతారు.”

“ఎవరయ్యా పోయేది?”

“మామయ్యగారు.”

“ఆయన పోయి ఏడాదైంది,” అని కండక్టరు ప్లగ్గు పీకేశాడు.

ల్యాప్‌టాప్ నల్లబడింది. లోపల డిస్కు టక్కుమని, మళ్లీ టక్కుమని, ఊరుకుంది. ప్లగ్గు మళ్లీ పెట్టినా, బతిమాలినా, వీపు నిమిరినా అది టక్కుటక్కుమందే గానీ పలకలేదు. అల్లుడు షాపతనికి ఫోను చేశాడు. అతను ఆ టక్కుటక్కు శబ్దం ఫోనులోనే విని, పెద్ద డాక్టర్లు బయటికొచ్చి చెప్పే గొంతుతో, ఇంక ఆశ పెట్టుకోవద్దన్నాడు.

గేటు చప్పుడైంది. భార్య వచ్చింది. కండక్టరు మామయ్యని చూసింది, పట్టుచీరలో తల్లిని చూసింది, నేలమీద నోరు తెరుచుకుని పడి ఉన్న ల్యాప్‌టాప్‌ని చూసింది. అరిస్తే అల్లుడికి కాస్త ఊరటగా ఉండేది. ఆమె మెల్లిగా అడిగింది.

“మా నాన్నేరండీ?”

ఇన్నేళ్లలో రిపేరు బావ చేతిలో మిక్సీలు పోయాయి, గడియారాలు పోయాయి, ఇస్త్రీపెట్టెలు పోయాయి. అన్నిటికీ కొత్తవి దొరికాయి. ఇది దొరికేది కాదు. అతను వైర్ల మధ్యే కూలబడి ఏడ్చాడు.

అల్లుడు ఏడవడం చూసి కండక్టరుకి అనుమానం వచ్చింది, హంతకులు ఇలా ఏడవరని. మళ్లీ ప్లగ్గు పీకి చేత్తో పట్టుకుని విచారణ మొదలుపెట్టాడు. మూల పడేస్తానన్నది ఎవర్ని అంటే ల్యాప్‌టాప్‌ని. కీళ్లు దాని మూతవి, డిస్కు దాని లోపలిది. తుడిచేయడమంటే ఖాళీ చేయడం. సర్వర్ అంటే వీడియోలు అందించే యంత్రం. మామయ్యగారిని చూస్తారన్నది టీవీలో. ఒక్కొక్క మాటకీ అర్థం తేలేకొద్దీ కండక్టరు చేతిలోని ప్లగ్గు బరువెక్కింది. ఆఖరికి దాన్ని పసిబిడ్డని పడుకోబెట్టినట్టు నేలమీద పెట్టాడు. అంతా గట్టిగా మళ్లీ ఒకసారి అత్తగారి ఎడమచెవిలో చెప్పారు. ఆవిడ తువ్వాలుతోనే కళ్లు ఒత్తుకుంది.

భార్య మాత్రం కొత్త డిస్కుని విడదీసి టీవీకి తగిలించింది. ప్లగ్గు పీకకముందు పూర్తిగా ఎక్కిన వీడియో అందులో ఒక్కటే ఉంది. నొక్కింది.

కుట్టుమిషను చప్పుడు. దానితో పోటీపడుతూ శ్రుతి లేని పాట. మామగారు మెడలో టేపుతో తల ఎత్తి, దారం పళ్లతో తెంపి, ఫోను వంక చూసి నవ్వారు. “ఇది తీస్తున్నట్టు మా ఆవిడకి చెప్పకు అల్లుడూ. చెప్పినా లాభం లేదు. నువ్వన్నది వినదు, తనకి తోచింది వింటుంది. చెవి మొద్దయితేనేం, మనసు బంగారం.” మళ్లీ మిషను. అయిపోయింది.

కండక్టరు కిటికీ వైపు తిరిగాడు. భార్య మొగుడి భుజం మీద చెయ్యి వేసింది. దాని అర్థమేమిటో అడిగే ధైర్యం అతనికి లేదు. అత్తగారు టీవీ దగ్గరికి వెళ్లి, ఆగిపోయిన ఆ మొహాన్ని కొంగుతో తుడిచి, వెనక్కి తిరిగింది. ఏడాది తర్వాత ఆవిడ నవ్వింది.

“విన్నారా? నా చెవులకి బంగారం చేయిస్తారట. నాకు ఒక్కమాటైనా చెప్పలేదు చూడు.”

అందరూ అల్లుడి వంక చూశారు. అతను లేచి, ఆవిడ ఎడమచెవి దగ్గరికి వంగి, “అవునండీ అత్తయ్యగారూ, ఆ పని నాకు అప్పజెప్పారు” అని గట్టిగా అరిచాడు.

మర్నాడు బంగారం కొట్లో శుభ్రంగా తుడిచిపెట్టుకుపోయింది అతని బ్యాంకు ఖాతా, దానికి బ్యాకప్ లేదు.